కరవు సీమలో కాడమల్లె

చెట్లకును ఒక పంచాంగ మున్నది. మన సీమలో శివరాత్రి వెళ్ళునప్పటికి మోదుగు ఎఱ్ఱబడును. ఉగాదికి వేపపూత వచ్చును. దాని వెనుకనే కానుగ, ఆ తరువాత మండువేసవిలో రేలపూల పసుపును, కచేరీ ఆవరణలలోని తురాయి ఎఱుపును కనిపించును. ఎండ ముదిరిన కొలదియు ఈ చెట్లకు ఉత్సాహము హెచ్చును. రోహిణి కార్తె దాటి మృగశిర ప్రవేశించిన పిమ్మట పూలచెట్ల సందడి సద్దుమణుగును. తక్కినవన్నియు ఆకు తొడిగి, తమ పని ముగిసినదని ఊరకుండు ఆ నెలలలో ఒక్క చెట్టు మాత్రము తొందరపడక వేచియుండును. ఆశ్వయుజము వచ్చి, దసరా పండుగ వెళ్ళి, తెల్లవారుజామున పలుచని చలి తగులు దినములలో ఒకనాటి ఉదయము వాకిలి ఊడ్వబోయిన ఇల్లాలికి నేల నిండ తెల్లని పూలు పరచుకొనియుండుట కానవచ్చును. అదే కాడమల్లె. ఆకాశమల్లె యనియు దీనినే పిలుతురు.

ఈ పువ్వునకు అందము రేకులలో లేదు, కాడలో నున్నది. రెండున్నర మూడంగుళముల పొడవున సన్నని తెల్లని గొట్టము; దాని కొనను మల్లెరేకులంతటి చిన్న రేకులు. దీపాలవేళకు మొగ్గ విచ్చును, రాత్రి యంతయు పరిమళించును, తెల్లవారునప్పటికి రాలిపోవును. ఆ గొట్టపు టడుగున నున్న తేనెను అందుకొనుటకు పొడవైన తొండము గల రాత్రి పురుగులకే వీలగును. తెల్లని రంగును, రాత్రి పరిమళమును అట్టి పురుగులను పిలుచుకొనుటకు ఏర్పడినవని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఉదయమున రాలిన పూలు మాత్రము పిల్లలవి. సూదియు దారమును లేకుండ కాడకు కాడ మెలివేయుచు బారెడు జడ అల్లుట తెలుగు ఆడపిల్లలకు బాగుగ తెలిసిన విద్య. పూలు కొని తెచ్చుకొను స్తోమతు లేని యింటికి సైతము ఈ చెట్టు కార్తీకమాస మంతయు ఉచితముగా పూలు పంచిపెట్టును.

దీనికి పేరులు పెక్కు. పాత వృక్షశాస్త్ర గ్రంథములలో తెలుగు పేరు ‘కవుకి’ యని కనిపించును. ఆకు వేపాకును పోలియుండుటచేత ఉత్తరదేశమువారు ‘ఆకాశ నీమ్’ అనియు, ‘నీమ్ చమేలీ’ అనియు అందురు. తమిళులకు ఇది ‘మరమల్లి’, అనగా చెట్టుమల్లె. చలిమంచుతో పాటు జలజల రాలు ఈ పూలకు రవీంద్రనాథ ఠాకూరు వంగభాషలో ‘హిమఝురి’ యని పేరు పెట్టినారు. ఇంగ్లీషువారు మాత్రము దీనిని కార్కుచెట్టు అన్నారు. పగుళ్ళు వారిన దీని మెత్తని బెరడునుండి నాసిరకపు సీసా బిరడాలు తీయవచ్చును. పూవును చూచినవారు ఒక విధముగను, బెరడును చూచిన వర్తకులు మరియొక విధముగను పేరు పెట్టుటలో ఆశ్చర్యము లేదు.

ఇంతగా మనలో కలిసిపోయినను ఇది మన అడవిచెట్టు కాదు. దీని పుట్టినిల్లు బర్మా, దానికి తూర్పునను దక్షిణమునను గల దేశములు, ద్వీపములు. మన దేశములో ఇది తోటలలోను, బాటల వెంటను నాటి పెంచినదే. ఆ సంగతి దాని శాస్త్రీయ నామములోనే యున్నది: మిల్లింగ్టోనియా హార్టెన్సిస్. హార్టెన్సిస్ అనగా తోటలలో నుండునది. ఈ పేరు పెట్టినవాడు సుప్రసిద్ధుడైన లినేయసు కాదు, ఆయన కుమారుడు. తండ్రి గ్రంథములకు అనుబంధముగా 1782లో వెలువడిన పుస్తకములో ఈ పేరు మొదట అచ్చయినది. ఆ ప్రజాతిలో నేటికిని ఈ ఒక్క జాతి తప్ప మరొకటి లేదు.

పేరు మోసిన సర్ థామస్ మిల్లింగ్టన్ 17వ శతాబ్దపు ఇంగ్లీషు వైద్యుడు. ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడుగా నుండి, తరువాత లండనులోని వైద్యుల కళాశాలకు అధ్యక్షుడైనాడు. పూవులోని కేసరములే చెట్టునకు పురుషాంగములను ఊహ తనతో జరిగిన సంభాషణలో ఆయన వెలిబుచ్చినాడని నెహెమయా గ్రూ అను శాస్త్రజ్ఞుడు 1682లో ప్రచురించిన తన గ్రంథములో వ్రాసినాడు. మొక్కలకును స్త్రీపురుష భేద మున్నదను సిద్ధాంతముపైననే లినేయసు తన వర్గీకరణ మంతయు నిలిపినాడు. కనుక ఆయన కుమారుడు ఆ ఋణమును ఇట్లు తీర్చుకొన్నాడనవచ్చును. ఏదో మాటల సందర్భమున అన్న ఒక్క ఊహకు సుమారు నూరేండ్ల తరువాత ఒక చెట్టు బహుమానముగా లభించినది. మిల్లింగ్టను కీర్తియు ఈ చెట్టువలెనే ఆలస్యముగా పూచినది.

ఆ అనుబంధ గ్రంథమునకు దక్షిణ భారతమునుండి అనేకములైన మొక్కలను సమకూర్చినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. ఇతడు లినేయసు శిష్యుడు. 1768లో తరంగంబాడిలోని డేనిష్ మిషనునకు వైద్యుడుగా వచ్చి, పిమ్మట ఆర్కాటు నవాబు కొలువులోను, 1778 నుండి ఇంగ్లీషు కంపెనీ కొలువులోను ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా పనిచేసినాడు. మన తెలుగు నేలతో ఇతనికి గల సంబంధము విషాదకరమైనది. 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురములో రోగపీడితుడై మరణించినాడు. కడపటి దినములలో అతనికి వైద్యము చేసినది సామర్లకోటలో నుండిన విలియం రాక్స్‌బరో.

రాక్స్‌బరో పేరు తెలుగువారు మరువదగినది కాదు. కోరమాండలు తీరపు మొక్కలను గూర్చి 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడిన ఆయన గ్రంథములోని చిత్రపటములు ఇప్పటికిని ప్రపంచములోని గ్రంథాలయములు భద్రపరచుకొనుచున్నవి. మన కాడమల్లెకు ఆయన ‘బిగ్నోనియా సుబెరోసా’ యని వేరు పేరు పెట్టినాడు. సుబెరోసా అనగా బిరడా బెరడు గలది. శాస్త్రములో ముందు పెట్టిన పేరే చెల్లును గనుక రాక్స్‌బరో పేరు వెనుకబడినది.

అయితే ఆయన వలన మనకు అందిన మరొక విషయము ఈ వ్యాసమునకు ముఖ్యమైనది. సామర్లకోటలో ఆయన వర్షమును, ఉష్ణమును, గాలిని కొలిచి దినచర్యగా వ్రాసియుంచినాడు. 1789 తరువాతి మూడు నాలుగు సంవత్సరములలో ఉత్తర సర్కారులను పీడించిన భయంకరమైన కరవును కన్నులార చూచినాడు. చూచి, అట్టి ఆపదలకు విరుగుడుగా కొబ్బరి, తాడి, ఈత, అరటి, పనస మొదలగు చెట్లను విరివిగా నాటించవలెనని సూచించినాడు. వాన తప్పినను పూర్తిగా చేయి విడువని ఆహారము మనుష్యునకు ఉండవలెనని ఆయన తలంపు. అవన్నియు కడుపు నింపు చెట్లు. తానే బొమ్మ వేయించిన పూలచెట్టునకు ఆ పట్టికలో చోటు లేదు. మన ప్రశ్న అక్కడనే మొదలగుచున్నది. నీటికి కటకటలాడు సీమలో పూతకు తప్ప మరి దేనికిని పనికిరాని చెట్టును పెంచుట న్యాయమేనా?

అనంతపురము నీటిని గూర్చిన తలంపునుండి పుట్టిన ఊరు. 1364లో బుక్కరాయల మంత్రి చిక్క ఒడయరు పండమేరు వాగునకు అడ్డముగా చెరువు కట్టించినాడు. ఆ కట్టకు ఒక కొనను బుక్కరాయసముద్రము, రెండవ కొనను అనంతసాగరము అను ఊళ్ళు వెలసినవి. రెండవదే నేటి అనంతపురము. ఈ చెరువునకు గండిపడగా దానిని ఆపుటకు ముసలమ్మ అను ఇల్లాలు ప్రాణమర్పించిన కథ సీమలో అందరెరిగినదే. అనంతపురపు పాలకుల చరిత్రను చెప్పు ఒక తెలుగు గ్రంథమును బ్రౌను దొర ఇంగ్లీషులోనికి మార్చి 1853లో అచ్చువేయించినాడు. ముసలమ్మ కథను తీసికొని కట్టమంచి రామలింగారెడ్డి కావ్యము రచించినారు. కథలోని ఒక్క అంశమును మనము గమనింపవలెను. కరవు సీమలో ఆ ఇల్లాలి ప్రాణము తీసినది కరవు కాదు, వరద. ఈ నేలపై వాన ఆలస్యముగా వచ్చును. వచ్చినప్పుడు ఒక్కొక్క యేడు ఒక్కసారిగా వచ్చి కట్టలు తెంచును.

చెరువున్నచోట తోట యుండును. కట్ట క్రింద వరి, చెరకు, అరటి, తమలపాకు. గుడి వెనుక దేవుని మాలలకు నందనవనము. విజయనగర కాలములో పూలతోట యనునది దేవుని పేర జరుగు ధర్మకార్యము. దానికి భూమి యిచ్చుట, తోటమాలికి జీవితము కల్పించుట శాసనములకెక్కిన విషయములు. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ నగరము చుట్టునున్న తోటలను, వనములను, వాటికి పారు నీటి కాలువలను మెచ్చుకొనుచు వ్రాసినాడు. 1565లో రాజధాని పాడైన తరువాత రాయలు పెనుకొండకు తరలివచ్చినారు. అక్కడి గగనమహలును చూచినవారికి ఈ బండనేలపై రాచకుటుంబము గాలిని, నీడను ఎట్లు వెదకికొన్నదో తెలియును. లేపాక్షి లతామండపములోని స్తంభములపై చెక్కిన లతలు నేడు చీరల అంచులకెక్కినవి. నీరు చాలని సీమలో పూలు రాతిపైనను, నేతలోను పూచినవనుట ఎంతమాత్రము అతిశయోక్తి కాదు.

అది ఆలయపు తోటల కాలము. ఇంటి తోట, అందులోను అలంకారమునకై పెంచు చెట్టు, మరియొక దారిన వచ్చినది.

1776లో హైదరాలీ గుత్తికోటను మురారిరావు ఘోర్పడే చేతినుండి గైకొన్నాడు. అటు బెంగుళూరులో 1760లో లాల్‌బాగు తోటకు పునాది వేసినవాడును ఈ హైదరాలీయే. తండ్రి మొదలుపెట్టిన తోటను టిప్పు పెంచినాడు. కొంతకాలము ఈ సీమకును ఆ తోటకును ఒక్కరే ప్రభువు. అయితే గుత్తికి దక్కినది కోట సైన్యమే గాని తోట కాదు. టిప్పుతో జరిగిన యుద్ధముల ఫలితముగా 1792లోను, 1799లోను ఈ తాలూకాలు నిజామునకు సంక్రమించినవి. ఆయన 1800లో వీటిని కంపెనీకి దత్తము చేసినాడు. అందుచేతనే దత్తమండలములను పేరు వచ్చినది. ఆ పేరులోని చిన్నతనమును సహింపలేక 1928లో నంద్యాలలో జరిగిన సభలో, అనంతపురము కళాశాలలో తెలుగు పండితులైన చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ యను పేరును సూచించినారు.

దత్తమండలములకు తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. 1800 నుండి 1807 వరకు ఆయన ఇక్కడ గుఱ్ఱముపైనను, గుడారములోను జీవితము గడపినాడు. తొలి రోజులలో అనంతపురమే ఆయన ముఖ్యస్థానము. పొలమున కేమి పన్ను వేయవలెననునదే ఆయన దృష్టి. కాని 1827లో, మద్రాసు గవర్నరుగా చివరిసారి ఈ సీమలో పర్యటించుచు పత్తికొండలో కలరాచేత మరణించినప్పుడు, ఆయన జ్ఞాపకార్థము ప్రభుత్వమువారు అక్కడ చేయించినది గమనింపదగియున్నది: మెట్లుగల ఒక బావి, దాని చెంత ఒక చెట్లతోపు. ఆ మహనీయునకు మద్రాసులో గుఱ్ఱముపై కంచు విగ్రహము నిలిచినది. సీమలో మాత్రము నీరు, నీడ. ఏది తగిన స్మారకమో పాఠకులే నిర్ణయించుకొనవచ్చును.

కంపెనీ కాలమునను, తరువాతను వేయబడిన బాటల వెంట నాటినవి మన పాత చెట్లే: చింత, వేప, మఱ్ఱి, రావి, కానుగ. బండి ఎద్దులకు నీడ, బాటసారికి విశ్రాంతి, చింతపండు పాట వలన కొంత రాబడి. 1876లో ఆరంభమైన ధాత కరవు ఈ లెక్కలన్నిటిని తారుమారు చేసినది. నాడు బళ్ళారి జిల్లాలో భాగముగా నుండిన ఈ తాలూకాలు మద్రాసు రాజధానిలో మిక్కిలి దెబ్బతిన్న భాగములలో చేరినవి. ఆ కరవు వెళ్ళిన కొలది సంవత్సరములకు, 1882లో, అనంతపురము ప్రత్యేక జిల్లా అయినది. జిల్లా వచ్చుటతో కలెక్టరు కచేరీ, న్యాయస్థానము, పోలీసు లైన్లు, ఆసుపత్రి, ఉద్యోగుల బంగళాలు వచ్చినవి. 1916లో కళాశాల వచ్చినది. ప్రతిదానికిని ఒక ప్రహరీ. ప్రహరీలోపల ఒక బావి. బావివార కొన్ని చెట్లు. ఇట్టి ఆవరణలే మన పట్టణములకు అలంకార వృక్షములను పరిచయము చేసినవి. మడగాస్కరునుండి తురాయి, దక్షిణ అమెరికానుండి నిద్రగన్నేరు, బర్మావైపునుండి కాడమల్లె, అన్నియు ఇట్టి గోడలలోపలనే మొదట వేరూనినవి. దొరల బంగళా తోటకును, గుమాస్తా పెరటికిని నడుమ దూరము ఒక పిలకంతయే.

ఈ కథలో లాల్‌బాగు మరల ప్రవేశించును. 1856లో అది ప్రభుత్వ వృక్షశాస్త్రోద్యానముగా మారినది. అనంతపురమునుండి రాజమార్గమున దాదాపు 200 కిలోమీటర్ల దూరమున నున్న ఈ తోట మనకు సమీపమున నున్న పెద్ద తోట. 1908లో దానికి అధికారియైన గుస్టావ్ హెర్మన్ క్రుంబీగల్ అను జర్మనుడు ఒక చక్కని ఆలోచన చేసినాడు. పట్టణములో ఏడాది పొడవున, ఏ నెలలో చూచినను, ఏదో ఒక వీథిలో ఏదో ఒక చెట్టు పూచియుండవలెను. అందుకు తగినట్లు పూచు కాలములను లెక్కించి వీథికొక జాతిగా చెట్లు నాటించినాడు. ఇట్టి పట్టికలో ఆకాశమల్లెకు గల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. వేసవిలో పూచు చెట్లు పదియున్నవి. కార్తీక మార్గశిరములలో ఆకాశమంత యెత్తున పూచి పరిమళించునవి అరుదు.

అయితే బెంగుళూరు పద్ధతిని ఉన్నదున్నట్లు అనంతపురమునకు దింపుకొనుట కుదరదు. బెంగుళూరు సముద్రమట్టమునకు 900 మీటర్ల పైన నున్నది. ఏటికి 900 మిల్లీమీటర్లకు మించి వర్షము కలది. అనంతపురము ఎత్తు సుమారు 335 మీటర్లు. ఉమ్మడి జిల్లా సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘములను తమ పడమటి వాలుపైననే పిండివేయును. మనకు వచ్చునది వట్టి గాలి. తూర్పు సముద్రము దూరమగుటచేత ఈశాన్య వర్షములును మన దాక వచ్చునప్పటికి నీరసించును. రెండు ఋతుపవనముల నడుమ రెంటికిని చెందక నిలిచిన సీమ ఇది. ఉన్న వర్షములో దాదాపు ఐదింట రెండు వంతులు సెప్టెంబరు, అక్టోబరు ఈ రెండు నెలలలోనే కురియును. జూను జూలైలలో రైతు ఆకాశమువంక చూచుచుండగా ఆషాఢపు గాలి మాత్రము రేయింబవళ్ళు వీచును. రామగిరి కొండలపై గాలిమరలు నిలిపినది ఈ గాలిని నమ్మియే.

1950లో కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ఆరంభించినారు. సదుద్దేశముతో కూడిన గొప్ప పని. కాని దేశమంతటికిని జూలై మొదటి వారమే ముహూర్తమైనది. కొంకణమునకు, మలబారునకు అంతకంటె మంచి ముహూర్తము లేదు. అనంతపురములో జూలై మొదటివారమున నాటిన మొక్క ఎండగాలికి రెండు నెలలు తట్టుకొన్న పిదప గాని మంచి వాన నెరుగదు. పెద్దమనుష్యులు గుంటలో మట్టివేసి చప్పట్లు కొట్టించుకొని వెళ్ళిన తరువాత ఆ గుంటలకు నీరు పోయువారు ఉండవలెను. లేనిచో మరుసటి యేడు అదే గుంట, మరియొక మొక్క. ఈ సీమకు వనమహోత్సవము భాద్రపదములో జరుగవలెనని నా అభిప్రాయము. మన చెట్టు చెప్పు సాక్ష్యమును అదియే: వాన నిజముగా వచ్చిన తరువాతనే అది పూతకు లేచును.

ఇక పెంచు విధము. కాడమల్లె మన దేశములో కాయ కాయుట అరుదు. కాసినప్పుడు జానెడుకు మించిన పొడవున బల్లపరుపు సన్నని కాయ, దానిలో పలుచని రెక్కలుగల విత్తులు ఉండును. ఆ విత్తులకు ఆయువు తక్కువ. పండిన వెంటనే చల్లినచో తప్ప మొలవవు. కనుక విత్తును నమ్ముకొనక వేరుపిలకనో, కొమ్మముక్కనో నాటుకొనవలెను. ముదిరిన చెట్టు చుట్టును వేరులనుండి పిలకలు తామే లేచును. వాన తడి నేలలో నున్నప్పుడు, కొంత వేరుతో సహా పిలకను విడదీసి, ముందుగా త్రవ్వి పశువులయెరువు, చెరువుమట్టి కలిపి నింపిన గోతిలో పెట్టవలెను. మన ఎఱ్ఱనేల క్రింద రెండడుగులకే గుండురాయి తగులుట కలదు. గడ్డపారతో ఆ రాతిని కదిలించి మూడడుగుల లోతు తీసిననే వేరునకు దారి దొరకును. ఈ ఒక్క శ్రమకు ఓర్వనివారు తరువాత ఎన్ని నీళ్ళు పోసినను ప్రయోజనము స్వల్పము.

చోటును ఎంచుకొనుటలో జాగరూకత కావలెను. ఇది వేగముగా, నిటారుగా పెరుగును. అరువది, డెబ్బది అడుగులకు పోవును. కాని కొయ్య మెత్తన, కొమ్మ పెళుసు. గట్టి గాలికి విరుగును, ఒక్కొక్కప్పుడు కూకటివేళ్ళతో కూలును. అందుచేత ఇంటి గోడకు, మట్టిమిద్దెకు, విద్యుత్తు తీగకు చేరువలో నాటరాదు. నైరుతి గాలికి ఇల్లో, వేపచెట్టో అడ్డుగా నుండునట్లు ఈశాన్యపు మూలలో పెట్టినచో మేలు. బావి ఒరను కూడ ఎడముగా నుంచవలెను. పిలకలు లేచు గుణము గల వేరు ఎటు ప్రాకునో చెప్పలేము. ఆరు నుండి ఎనిమిది సంవత్సరములకు చెట్టు ఈడునకు వచ్చును. ఆయుస్సు మర్రివలె శతాబ్దములు కాదు. నలుబది యేండ్ల మాట. నాటిన చేతులే దాని పూతను చూచును, సాధారణముగా దాని ముసలితనమును కూడ చూచును.

ఇప్పుడు నీటి లెక్కను చూతము. లేత మొక్కకు దినము విడచి దినము ఒక బిందె, అనగా 15 లీటర్లు పోసితిమనుకొనుడు. ఏడాదికి 2,700 లీటర్లు. మూడేండ్లు ఇట్లు పోసిన తరువాత అది తన వేరును తానే లోతునకు పంపుకొనును; కటిక కరవునాడు తప్ప మనవంక చూడదు. ఒక యెకరము వరి పైరునకు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెనని లెక్క. అది దాదాపు 48 లక్షల లీటర్లు. వేయి చదరపుటడుగుల మిద్దెపై మన సీమ సగటు వర్షమే కురిసినను ఏటికి 51 వేల లీటర్లు పడును. ఆ నీరు మిద్దె గొట్టమునుండి వీథిలోనికి పోవుచున్నది. దానిలో ఇరువదవ వంతు చెట్టు పాదులోనికి మళ్ళించిననే చాలును. బియ్యము కడిగిన నీరు, ముఖము కడిగిన నీరు వేరుగా లెక్కింపనక్కరలేదు. కనుక కాడమల్లె త్రాగు నీటిచేత సీమకు కరవు వచ్చినదని ఎవరును అనలేరు. మన బావులెండుటకు కారణములు వేరు. ఒకదాని వెంట నొకటిగా వేలకొలది బోరుబావులు తవ్వి నూరేండ్ల భూగర్భజలమును ఒక్క తరములో తోడివేసిన వారము మనమే.

రాక్స్‌బరో పట్టికను మరల జ్ఞప్తికి తెచ్చుకొందము. ఆయన చెప్పినది యథార్థము: కడుపు నింపు చెట్టు ముందు. పెరడు చిన్నదై, ఒక్క చెట్టునకే చోటున్నచో వేపనో, మునగనో, చింతనో పెట్టుకొనుడనియే నేనును చెప్పుదును. కరవు నెలలలో పశువునకు రొట్టగా కొట్టివేయుటకు కాడమల్లె కంటె అవిసె మేలు. రెండవ చెట్టునకు చోటున్నవారి మాట వేరు. అంతేకాక నీడ, వేరు, రాలిన ఆకు, వీనికి పూలచెట్టు అని, పండ్లచెట్టు అని భేదము లేదు. జిల్లా పడమట హగరి నదీతీరమున, బొమ్మనహాళు, కణేకల్లు ప్రాంతములలో ఇసుకదిబ్బలు గాలికి కదలి పొలములను కప్పుచున్నవి. అక్కడ నిలువదగిన ఏ చెట్టైనను ఆహారవృక్షమే; అది కాపాడునది పంటనేలను గదా.

వృక్షములపట్ల ఈ సీమవారికి భక్తి లేకపోలేదు. కదిరి సమీపమున ఐదు యెకరముల మేర వ్యాపించిన తిమ్మమ్మ మఱ్ఱిమాను, 1989లో గిన్నిస్ గ్రంథమునకెక్కినది, ఈ పొడినేలపై నున్నదే. 2022లో ఉమ్మడి జిల్లా రెండుగా విభజింపబడి కదిరి, పెనుకొండ, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి గాని, వానయు గాలియు ఆ విభజన నెరుగవు. మఱ్ఱికి ఊరంతయు కాపు, దైవభయము కంచె. పెరటిలోని పూలచెట్టునకు అట్టి రక్షణ లేదు. దాని కాపు ఒక్క కుటుంబమే. ఆ యింటివారు బదిలీయై వెళ్ళినప్పుడు, వచ్చినవారు నీరు పోయనిచో అది ఎండును. ఇల్లు పెంచవలసి వచ్చినప్పుడు మొదట గొడ్డలి పడునదియు దానిపైననే. కళాశాలల, కచేరీల పాత ఆవరణలలో ఎత్తైన చెట్లు మిగిలియుండి, ఇండ్ల పెరళ్ళలో తరిగిపోవుటకు కారణ మిదియే.

అయినను ఈ చెట్టు ఊరినుండి తప్పిపోలేదు. ఒక యింటిలో కూలినది పొరుగింటిలో లేచుచున్నది. తోటల పట్టికలలోను, ప్రభుత్వ నివేదికలలోను కనిపించని వ్యాప్తి ఇది. ఒకరి గోడవార మొలచిన పిలకను మరియొకరు అడిగి తీసికొనిపోవుదురు. ఆడపడుచు కాపురమునకు వెళ్ళునప్పుడు తడిగుడ్డలో చుట్టి పెట్టె మూలన పెట్టుకొనును. బదిలీయైన ఉపాధ్యాయుడు కొత్త ఊరిలో పాఠశాల బావివార నాటును. కోనిగ్ చూడని, రాక్స్‌బరో వ్రాయని ఊళ్ళకు ఇది ఇట్లే చేరినది. పిలక అడుగదలచినవారు వినాయకచవితి వెళ్ళి మంచి వాన ఒకటి పడువరకు ఆగి అడుగవలెను. గోతిని మాత్రము ఇప్పుడే, నేల ఎండియున్నప్పుడే, త్రవ్వియుంచుట మంచిది.